మెరుపు క్రింద ఏమున్నది?

మా వృత్తి పేరు వినగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అంటే, కార్లు కడుగుతారా?” కడుగుతాము. కానీ కడగడం మా పనిలో మొదటి గంట మాత్రమే. ఆ తరువాత రెండు మూడు రోజుల పాటు కారు రంగు మీద జరిగే పనిని ఈనాడు కార్ డిటెయిలింగ్ అంటున్నారు. అందులోనూ గీతలను, నీటి మరకలను, వెలిసిన పైపొరను సరిచేసే భాగాన్ని పెయింట్ కరెక్షన్ అంటున్నారు. కర్నూలులో బళ్ళారి చౌరస్తాకు కొంత అవతల, ఒక రేకుల షెడ్డులో మేము ముగ్గురు అన్నదమ్ములము ఈ పనితోనే జీవనం సాగిస్తున్నాము.

కారును అప్పగించే వేళ వినవచ్చే రెండవ ప్రశ్న, “ఇంతగా మెరుస్తున్నదే, ఏమి పూశారు?” అన్నది. ఏమీ పూయలేదు, కొంత తీసివేశాము అని చెబితే చాలామందికి నిరాశ కలుగుతుంది. డబ్బు ఇచ్చిన మనిషికి ఏదో అదనంగా చేరిందని వినాలని ఉంటుంది. అయితే ఈ పనిలోని రహస్యమంతా ఆ తీసివేతలోనే ఉన్నది. మా కుటుంబాన్ని ఒక సంవత్సరం పాటు కలవరపెట్టిన వ్యవహారానికి కూడా మూలం అక్కడే ఉన్నది. అందుకే దానిని మొదట వివరిస్తాము.

మా అబ్బాజాన్ బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో దాదాపు ముప్ఫై ఏళ్ళు పని చేశారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ఊరు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది గాని, మా ఇంట్లో ఇప్పటికీ అది కర్నూలు బేతంచెర్లే. గని నుండి వచ్చిన బండ గరుకుగా, మసకగా ఉంటుంది. దాని మీద నీళ్ళు పారిస్తూ మొదట ముతక సాన రాయి, తరువాత అంతకంటె సన్నది, ఆ తరువాత మరీ సన్నది తిప్పుతారు. ఒక్కొక్క రాయి తనకు ముందు తిరిగిన రాయి చేసిన గీతలను చెరిపి, తన చిన్న గీతలను మిగిల్చి పోతుంది. చివరికి గీతలు కంటికి ఆననంత సన్నబడినప్పుడు బండలో ముఖం కనబడుతుంది. బండకు మెరుపు పెట్టము, గరుకు తీస్తాము అని అబ్బాజాన్ అంటూ ఉండేవారు. మేము కార్ల మీద చేస్తున్నదీ అదే. సాన రాళ్ళకు బదులు ఊలు, స్పాంజి ప్యాడ్లు. ఎమరీకి బదులు కాంపౌండు, పాలిష్ అనే ముద్దలు. తేడా అంతా మందంలో ఉన్నది. అబ్బాజాన్ చేతి క్రింద అంగుళం దాకా రాయి ఉండేది. మా చేతి క్రింద ఉండేది వెంట్రుక మందం కూడా కాదు.

ఈ మాట అతిశయోక్తి కాదు. నేటి కారు రేకు మీద నాలుగు పొరలు ఉంటాయి. తుప్పును ఆపేందుకు ఫ్యాక్టరీలో రేకును ముంచి తీసే పొర మొదటిది. దాని పైన ప్రైమర్, ఆపైన కంటికి కనబడే రంగు, అన్నింటి పైన క్లియర్‌కోట్ అనే పారదర్శక పొర. ఈ నాలుగింటినీ కలిపి కొలిస్తే సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. మేము మెరుగు పెట్టేది పైనున్న పారదర్శక పొరకు మాత్రమే. దాని మందం 35 నుండి 50 మైక్రాన్లు. లోతుగా ఒకసారి కాంపౌండు పట్టిస్తే అందులో రెండు మూడు మైక్రాన్లు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ పోతాయి. పోయినది తిరిగి రాదు. ఎండను అడ్డుకొనే పదార్థాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి కనుక, అది పలచబడితే నాలుగైదేళ్ళకు బానెట్ మీదా, టాపు మీదా పొట్టు లేస్తుంది. అప్పుడు పాలిష్ పనికి రాదు, మళ్ళీ పెయింటింగ్ చేయించవలసిందే.

పాత అంబాసిడర్ కార్లను తుడిచిన పెద్దలకు ఒక సంగతి గుర్తుండవచ్చు. పాలిష్ పట్టిస్తే గుడ్డకు కారు రంగే అంటుకొనేది. ఆ రోజుల్లో పైన వేరే పారదర్శక పొర లేదు. రంగే పైపొర, రుద్దితే రంగే అరిగేది. యజమాని తన కారు అరిగిపోవడాన్ని గుడ్డ మీద కళ్ళారా చూసేవాడు, కాబట్టి రుద్దే చేయి తనంతట తానే ఆగేది. నేటి కార్లలో గుడ్డకు తెల్లని మడ్డి మాత్రమే అంటుతుంది. ఏమి పోతున్నదో కనబడదు. అందుకే మేము ఏ కారు వచ్చినా ముందుగా మందం కొలిచే చిన్న యంత్రాన్ని ప్రతి భాగం మీదా ఆనించి అంకెలు వ్రాసుకొంటాము. అంకె తక్కువగా ఉంటే ఆ భాగానికి కాంపౌండు పట్టించము. గీత ఉంటే ఉండనిస్తాము. గోరు ఆడిస్తే తట్టుకొనే గీత సాధారణంగా పారదర్శక పొరను దాటిపోయి ఉంటుంది. దానిని పూర్తిగా తీస్తామని ఎవరైనా మాట ఇస్తే, ఆ మాట నమ్మవద్దని మా సలహా.

మన ప్రాంతంలో కారు రంగుకు శత్రువులు మూడు. మొదటిది దుమ్ము. ఎర్రమట్టి, సున్నపురాయి పొడి, సిమెంటు లారీలు రేపే బూడిద కలిసిన ఆ దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే అది తుడవడం కాదు, సాన పట్టడమే. జుమా నమాజుకు బయలుదేరే ముందు గుమ్మంలో నిలబడి భుజం మీది తువ్వాలుతో బానెట్‌ను గబగబా తుడిచే అలవాటు మన ఇళ్ళలో చాలా మందికి ఉన్నది. కారు దుమ్ముతో ఉన్నా ఫరవాలేదు గాని, ఆ తువ్వాలు మాత్రం వద్దు. రాత్రి వీధిదీపం క్రింద నల్లకారును చూస్తే దీపం చుట్టూ సాలెగూడులా వలయాలు కనబడతాయి. గీతలు నిజానికి వలయాలుగా ఉండవు, అన్ని దిక్కులకూ ఉంటాయి. కాంతికి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక దీపం చుట్టూ గుండ్రంగా అల్లుకొన్నట్టు తోస్తుంది. వాటిలో చాలా భాగం మన తువ్వాళ్ళ పనే.

రెండవ శత్రువు మన నీరే. బెలుం గుహలను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలను సున్నపురాయి నేలలో తొలిచినది నీరే. సున్నాన్ని కరిగించుకొని సాగే నీరే ఈ నేలలో బోర్లలోకీ వస్తుంది. దానితో కారు కడిగి ఎండలో వదిలిపెడితే నీరు ఆవిరై సున్నం మిగులుతుంది. మొదట తెల్లని చుక్కలు. కొన్నాళ్ళు అలాగే వదిలేస్తే అవి పైపొరను తినివేసి గుంటలు చేస్తాయి. తాజా చుక్కలు సగం నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్‌తో తడిపి, వెంటనే మంచినీటితో కడిగితే పోతాయి. గుంటలైతే మా వద్దకు రావలసిందే. మూడవ శత్రువు ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే ఊరిలో నల్లకారు బానెట్ మీద చేయి ఆనించలేము. ఆ వేడిలో పిట్ట రెట్ట పడితే ఒక్క పూటలో మచ్చ దిగుతుంది. అందుకే నీడలో, ఉదయం పూట, రెండు బకెట్లతో కడగండి: ఒకటి సబ్బు నీరు, రెండవది గుడ్డను జాడించేందుకు. షాదీ కార్లకు పూలు అంటించే టేపును సాయంత్రమే తీసివేయండి. మరునాడు ఎండ తగిలాక తీస్తే జిగురు మిగిలిపోతుంది, తిరగపెయింటు వేసిన భాగమైతే రంగు కూడా దానితో ఊడివస్తుంది.

సిరామిక్ కోటింగ్ గురించి అందరూ అడుగుతారు. అది మంచిదే. నీరు నిలవనివ్వదు, కడగడం తేలిక చేస్తుంది. అయితే “9హెచ్” గట్టిదనం అని ప్రకటనల్లో వ్రాసేది పెన్సిళ్ళ కొలమానం. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదన్నదే దాని అర్థం. రాయి తగిలితే కోటింగ్ ఆపదు. మా బోర్డు మీద కూడా “9హెచ్” అని వ్రాయించమని మాలో చిన్నవాడు పట్టుబట్టాడు. ఇంతవరకు వ్రాయించలేదు.

ఇక అసలు వ్యవహారం.

మెరుగులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి గీతను నిజంగా తీయడం. రెండవది గీతను నూనె, మైనం కలిసిన గ్లేజ్ వంటి ముద్దతో నింపివేయడం. రెండవ దారిలో పని మూడు గంటల్లో అయిపోతుంది, ఖర్చు నాలుగవ వంతు. సాయంత్రానికి కారు అద్దంలా ఉంటుంది. నాలుగైదు సార్లు కడిగేసరికి నింపినదంతా పోయి గీతలు మళ్ళీ బయటపడతాయి. తన కారును తానే వాడుకొనే మనిషి ఈ సంగతి తెలిసి, పెళ్ళి రోజుకో, పండుగకో చేయమంటే అందులో తప్పు లేదు, మేమూ చేస్తాము. అమ్మబోయే కారు సంగతి వేరు.

మేము షెడ్డు తెరిచిన తొలి ఏళ్ళలో మాకు వచ్చే పనిలో సగానికి పైగా ఒక సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీ నుండి వచ్చేది. యజమాని మర్యాదస్తుడు, బాకీ పెట్టేవాడు కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు వరదల్లో వేల ఇళ్ళు, వాహనాలు మునిగిన కొద్ది నెలలకు ఆయన తెలంగాణ నంబరు గల ఒక తెల్లకారును పంపాడు. బయటి నుండి చూస్తే పెద్ద పనేమీ లేదు. లోపల శుభ్రం చేసేందుకు సీటు బెల్టును చివరి దాకా లాగితే, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద ఒండ్రు మట్టి గట్టిపడి ఉన్నది. స్టెప్నీ గుంటలో అదే మట్టి. సీట్ల క్రింది బోల్టులకు తుప్పు. హెడ్‌లైటు లోపల చెమర్చిన మరక. కారు సీట్ల ఎత్తు దాకా మునిగిందని మాకు అరగంటలో తెలిసిపోయింది. మీటరు యంత్రం పెడితే డ్రైవరు వైపు తలుపు మీద 120, వెనుక తలుపు మీద 600 పైన చూపించింది. అంటే అక్కడ రేకు నలిగితే టింకరింగ్ చేసి, లప్పం పెట్టి పెయింటు వేశారన్నమాట.

ఆయనకు ఫోను చేశాము. “మీరు పాలిష్ చేయండి భాయ్, అమ్మేది నేను కదా” అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన వాదన చిన్నది కాదు. మాలో నడిమివాడు చెప్పిన మాటలో బలం ఉన్నది: దర్జీ చొక్కా కుడతాడు, ఆ చొక్కా వేసుకొని ఎవడైనా అబద్ధమాడితే దర్జీకి పాపం ఏమిటి? షెడ్డు అద్దె కట్టవలసి ఉన్నది. చెల్లెలి నిశ్చితార్థం అయిపోయి, పెళ్ళికి ఐదు నెలలు ఉన్నది. ఈ ఒక్క కారు వదులుకోవడమంటే ఒక్క కారుతో పోయే నష్టం కాదు, సగం పని పోవడం. అమ్మీ అంతా విని, “అడగవలసిన వారిని అడగండి” అన్నది.

మరునాడు ఫజ్ర్ తరువాత మసీదులో ఒక పెద్దాయనను అడిగాము. ఆయన ఫత్వా ఏమీ చెప్పలేదు. మదీనా బజారులో ధాన్యపు రాశి సంగతిని గుర్తు చేశారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రాశిలో చేయి పెట్టగా లోపలి గింజలు తడిగా తగిలాయి. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పగా, ఆ తడిసిన దానిని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు. ఈ హదీసు మేము చిన్ననాటి నుండి విన్నదే. పెద్దాయన ఆ తరువాత అడిగిన ప్రశ్న మాత్రం మేము ఎన్నడూ విననిది: “కొనేవాడు మోసపోయేది అమ్మేవాని మాట విని మాత్రమేనా, లేక మీ చేతిపని చూసి కూడానా?”

దర్జీ పోలిక అక్కడ నిలబడలేదు. ఆ రాశి మీద పొడి గింజలను పేర్చే పని మాకు అప్పగించబడింది. తడి మా వల్ల రాలేదు, నిజమే. పేర్చే చేతులు మావి.

కారులో కనిపించిన సంగతులన్నీ ఒక కాగితం మీద వ్రాసి, కొనేవారికి దానిని చూపుతానంటే పని చేస్తామని యజమానికి చెప్పాము. ఆయన కోపగించుకోలేదు. మనిషిని పంపి కారును తీసుకొని వెళ్ళాడు. ఆ తరువాత ఆయన నుండి మరొక కారు రాలేదు. రెండు వారాల్లో మరొక షాపులో ఆ తెల్లకారు మెరుగు పెట్టించుకొని అమ్ముడుపోయింది. మేము కాదన్నంత మాత్రాన కొనేవానికి ఒరిగినది ఏమీ లేదు. ఈ సంగతిని దాచి చెబితే ఈ వ్యాసం కూడా గ్లేజ్ పూసిన కారే అవుతుంది.

దాదాపు మూడు నెలల తరువాత అదే కారు మా షెడ్డు ముందు ఆగింది. దిగినవాడు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు. వెంట భార్య, పదేళ్ళ కూతురు. భార్య గాజులు అమ్మగా వచ్చిన డబ్బు కలిపి కొన్నారు. కూతురు ముచ్చటపడుతున్నదని సిరామిక్ కోటింగ్ వేయించాలని వచ్చారు. నంబరు చూడగానే మా ముగ్గురికీ గుర్తుకు వచ్చింది. కోటింగ్ అంటే పదిహేను వేల పైచిలుకు పని. ఆ నెలలో మాకు అంతకంటె పెద్ద పని లేదు. మాలో పెద్దవాడు పాపకు నీళ్ళ బాటిలు ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనను కారు దగ్గరికి తీసుకువెళ్ళి సీటు బెల్టును చివరి దాకా లాగాడు.

“ఇది ఏమిటి అన్నా?” అని ఆయన అడిగాడు. చెప్పాము. కన్సల్టెన్సీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. బెల్టు, బోల్టులు, స్టెప్నీ గుంట, మీటరు అంకెలు మాత్రమే చూపించాము. ఎయిర్‌బ్యాగ్ దీపం ఎప్పటి నుండి వెలుగుతున్నదని అడిగితే, తరచూ వెలుగుతున్నదనీ, ఏమీ కాదని చెప్పారనీ అన్నాడు. చాలాసేపు స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు. ఆయన భార్య దూరం నుండి చూస్తూ ఉన్నది; ఆమె ఏమీ అడగలేదు. మేము కోటింగ్ వేయలేదు. కాగితం మీద అంకెలన్నీ వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాము. ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించమన్నాము. నీరు చేరిన తీగలూ, కనెక్టర్లూ నెలలు గడిచాక తుప్పుపట్టి దెబ్బ తీస్తాయి.

ఆయన ఆ కాగితం తీసుకొని ఇద్దరు పెద్దలతో కన్సల్టెన్సీకి వెళ్ళాడు. కారు వెనక్కి తీసుకోలేదు గాని, కొంత డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ డబ్బు వైరింగు బాగుచేయించడానికి సరిపోయింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు.

మాకు ఆ ఏడాది కష్టంగానే గడిచింది. చెల్లెలి వలీమా తగ్గించి చేశారు. వరుని తరఫువారు మంచివారు, మాట అనలేదు. షెడ్డు సగం మరొక టైర్ల వ్యాపారికి అద్దెకు ఇచ్చాము, ఇప్పటికీ అలాగే ఉన్నది. ఇతర కన్సల్టెన్సీల నుండి కూడా పని తగ్గింది. బదులుగా కొనబోయేవారు రావడం మొదలుపెట్టారు: పాలిష్ కోసం కాదు, చూసిపెట్టమని. దానికి ఐదు వందలు తీసుకొంటాము. పాలిష్‌తో పోల్చితే అది లెక్కలోకి రాదు.

పాత కారు కొనే ఆలోచన ఉన్నవారు మా దాకా రాకుండానే కొంత చూసుకోవచ్చు. అన్ని సీటు బెల్టులూ చివరి దాకా లాగండి. స్టెప్నీ క్రింద చేయి పెట్టండి. అద్దాలన్నీ మూసి ఏసీ వేసి వాసన చూడండి. నీరు చేరిన కారులో ముక్క వాసన తెలిసిపోతుంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల మీద ఆనించండి. ఒక తలుపుకు గట్టిగా అంటి, మరొక దానికి జారిపోతే అక్కడ లప్పం ఉన్నట్టు అనుమానించాలి. బంపర్లు ప్లాస్టిక్ కనుక అక్కడ ఈ పరీక్ష పనికి రాదు. కారును మిట్టమధ్యాహ్నం చూడండి, దీపాల క్రింద వద్దు. కొత్తగా కడిగి, మైనం పూసి, ఇంకా సువాసన వేస్తున్న కారును చూడవలసి వస్తే వారం ఆగి మరొకసారి చూస్తామని అడగండి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ళను ముంచిన తరువాత, మా దగ్గరికి చూపించడానికి వచ్చిన కార్లన్నింటికీ మేము మొదట లాగినది సీటు బెల్టే.

మేము మెరుగు పెట్టిన ప్రతి కారు డ్యాష్‌బోర్డు అరలో ఇప్పుడు ఒక కాగితం ఉంటుంది. ఏ భాగం మీద ఎన్ని మైక్రాన్లు ఉండేవి, మేము ఎన్ని తీశాము, ఇంకా ఎన్ని మిగిలాయి అన్నది అందులో వ్రాస్తాము. రేపు ఆ కారును ఎవరు కొన్నా, ఏ ఊరిలో పాలిష్ చేయించినా, ఆ పనివాడు అంకె చూసి చేయి ఆపుకొంటాడని మా ఆశ. కొందరు యజమానులు ఆ కాగితాన్ని మా కళ్ళ ఎదుటే చింపి పారవేస్తారు, అమ్మేటప్పుడు అడ్డం వస్తుందని. అది వారి కారు. నకలు మాత్రం మా పుస్తకంలో ఉంటుంది.

ఆ లెక్కల ఉపాధ్యాయుడు ఆరు నెలలకు ఒకసారి వస్తాడు, కడిగించుకొని పోతాడు. కోటింగ్ ఎప్పుడు వేస్తారని కూతురు ఇంకా అడుగుతూనే ఉన్నది. ఆ కారు టాపు మీద ఇప్పుడు 82 మైక్రాన్లు ఉన్నాయి. మరొక షాపులో అమ్మకానికి ముందు గట్టిగానే రుద్దారు. ఇంకొకసారి రుద్దే వీలు లేదని ఆ పాపకు యంత్రాన్ని చేతికిచ్చి చూపించాము. ఆమె కారంతా తిరిగి తానే కొలిచి, అంకెలు తన లెక్కల నోటుపుస్తకంలో వ్రాసుకొని వెళ్ళింది.